పల్లీల పొట్లంలో ఆధార్ నంబరు

మొయినాబాద్‌లో మాది కిరాణా దుకాణం. పోయిన జూన్‌లో ఒక గురువారం, పొట్లాలకని కొన్న పాత కాగితాల్లో మా మనవరాలి ఫొటో కనబడింది. కాలేజీలో చేరేటప్పుడు నింపిన ఫారం! ఆధార్, ఫోన్ నంబరు, చిరునామా అన్నీ ఉన్నాయి. లెక్కపెడితే అలాంటివి నూట పదిహేడు, అన్నీ ఆడపిల్లలవే. అప్పటికే ఆరు ఫారాల్లో పల్లీలు కట్టి అమ్మేశాను.

కట్ట పట్టుకుని కాలేజీకి వెళ్లి ఫిర్యాదు రాసిచ్చాను. గుమాస్తా తలెత్తలేదు.

"ఆధార్ జిరాక్స్ పెట్టాలె అవ్వా. లేకుంటె తీసుకోం."

"పెడ్త బిడ్డా. దాన్ని ఎన్నడు అమ్ముతరో జర చెప్పు, నేనే మల్ల కొనుక్కుంట."

వాళ్లకిస్తే మళ్లీ అమ్ముతారని కట్ట తెచ్చి పొయ్యిలో వేశాను. అమ్మిన ఆరింటిలో ఐదు, ఇళ్లకు వెళ్లి అడిగి తెచ్చాను. ఆరోది బస్సు కోసం ఆగిన ఎవరో కొత్త మనిషి కొన్నాడు. అది ఎవరి బిడ్డ ఫారమో నాకు తెలియదు. తెలుసుకోవాలన్న పట్టింపు అంత పెద్ద కాలేజీకి లేదు.