ఒట్టికాళ్ల ఫాదర్‌గారు

ఫాదర్ బాలశౌరిగారికి ఇప్పటికీ నేనంటే కాస్త భయమే. ఆయనది ఫిరంగిపురం దగ్గర పల్లె. 1998లో లీడ్స్ వచ్చి ఇక్కడి క్యాథలిక్ చర్చిలో ఫాదరయ్యారు. మాది గుంటూరు లూథరన్ కుటుంబం, మా చర్చి వేరు; నేను లీడ్స్‌లోనే ఒక ఆసుపత్రి సర్జరీ వార్డులో నర్సుని. ఆయన పూజకి నేను వెళ్లేదాన్ని కాదుగానీ, నా గోంగూర పచ్చడి కోసం ఆయనే మా ఫ్లాట్‌కి వచ్చేవారు.

ఇరాక్ యుద్ధం మొదలయ్యాక బ్రిటిష్ సైన్యంలో ఫాదర్‌గా చేరతానన్నారు. "నలభై దాటాయి, మీకెందుకండీ ఈ గోల?" అని కసిరాను. "చావు పక్కన ఉన్నవాళ్లకి తోడు ఒకడుండాలమ్మా," అన్నారు. తుపాకీ పట్టని కొలువట. ఇరాక్‌లోని బాస్రా వెళ్లిపోయారు.

మనవైపు చెప్పులతో గుడిలో అడుగుపెడతామా? ఆయనా అంతే. అక్కడి గుడారంలోనూ బూట్లు విప్పే పూజ చేసేవారు. ఆఫీసరు వద్దని మొత్తుకున్నా వినలేదు. 2006 ఆగస్టులో పూజ మధ్యలో రాకెట్ పడింది. బయట ఒక సైనికుడు దెబ్బతిని అరుస్తుంటే, ఈయన కాలిపోతున్న కంకర మీద, రేకుముక్కల మీద ఒట్టికాళ్లతో పరుగెత్తారు. ఆ సైనికుడు బతికాడు. ఈయన అరికాళ్లు చీలిపోయాయి.

లీడ్స్ పంపేశారు. రోజు విడిచి రోజు కట్టు మార్చింది నేనే. పుండ్లు మానేసరికి మెలిక వచ్చిపడింది. పూజలో కూడా బూట్లు విప్పనని సంతకం పెడితేనే మళ్లీ బాస్రా పంపుతారట. తన సైనికుల దగ్గరికి వెళ్లాలని ఆయన ప్రాణం కొట్టుకుంటోంది, సంతకానికి మాత్రం చెయ్యి రావట్లేదు.

"మోషే అంతటి ప్రవక్తనే దేవుడు, ఇది పరిశుద్ధ స్థలం, చెప్పులు విప్పమన్నాడమ్మా. నేనెంత?" అన్నారు.

నాకు ఒళ్లు మండింది. "ఆహా! మరి ఆ మోషే జనాన్నే, ఐగుప్తు బానిసత్వం నుంచి బయల్దేరేముందు, పస్కా పండగ భోజనం చెప్పులు తొడుక్కుని తినమన్నదెవరండీ, మా పక్కింటాయనా? ఏ క్షణాన లేవాలో తెలియనివాళ్లకి ఆయన పెట్టిన పద్ధతి అది. ఫాదరై ఉండి ఆ మాత్రం తెలీదా?"

ఆయన పొట్ట పట్టుకుని నవ్వారు. "లూథరన్ల దగ్గర పాఠం నేర్చుకున్నానని మా బిషప్పుగారితో అనకు తల్లీ," అంటూ సంతకం పెట్టేశారు.

వెళ్లేరోజు మా హాల్లోనే బూట్లు తొడుక్కున్నారు. కొత్తచర్మం ఒరుసుకుంటుందని నేనే కింద కూర్చుని, దూది సర్ది, లేసులు పట్టుకున్నాను. ఉన్నమాట చెప్పొద్దూ, భయమేసింది. నా వాదనే ఆయన్ని మళ్లీ ఆ రాకెట్ల కిందికి పంపుతోంది కదా! ముడి వదులుగా పడుతోంది.

ఆయన కనిపెట్టేశారు.

"గట్టిగా కట్టు జ్ఞానమ్మా," అన్నారు. "పరుగెత్తాలి."