బ్లేడుకు పెట్టిన బొట్టు

దసరాకు ఆయుధపూజ చేసే ప్రతి గృహస్థూ తెలుసుకోవలసిన ప్రమాదం ఒకటి ఉంది. దాని గురించి పురోహితులూ చెప్పరు, మిషన్లు అమ్మేవారూ చెప్పరు. అనుభవించినవాణ్ణి నేనున్నాను కనుక, సిగ్గు విడిచి ఇక్కడ నమోదు చేస్తున్నాను. ఒక ఇంజను, ఒక పట్టుపంచె, మా అమ్మాయి కాపురంలోని ప్రశాంతత, ఈ మూడూ ఒక్క పూటలో నా చేతుల మీదుగా నాశనం కాబోయిన వృత్తాంతమిది.

భౌతికశాస్త్రం బోధించి, నేను కొత్తగా రిటైరైన రోజులవి. భవానీపురంలో మా ఇంటి ముందున్న పచ్చిక వానలకు మోకాలెత్తు పెరిగింది. క్రమశిక్షణ లేని గడ్డిని చూస్తూ కూర్చోవడం నా స్వభావం కాదు. మైలవరంలో ఉన్న మా వియ్యంకుడు రామకోటయ్యగారి దగ్గర పెట్రోలుతో నడిచే గడ్డి కోత మిషను ఉంది. ఆయన మితభాషి. ఆయన దగ్గితే ఆ ఇంట్లో కుక్కరు కూడా కూత ఆపుతుందని మా అమ్మాయి చెబుతుంటుంది. అటువంటి మనిషిని మిషను అడిగాను.

"తీసుకెళ్ళండి బావగారూ. కాకపోతే అది నా ప్రాణం," అన్నారాయన.

"పండగనాడు మీరు భోజనానికి వచ్చేసరికి కొత్తదానిలా అప్పగిస్తాను," అన్నాను.

గడ్డి చక్కగా తెగింది. అంతటితో ఊరుకుని ఉంటే మీకు ఈ వ్యాసం చదివే శ్రమ తప్పేది. మరునాడు ఆయుధపూజ. కత్తిపీటకు, స్కూటరుకు, కుట్టుమిషనుకు వరుసగా బొట్లు పెట్టుకుంటూ వచ్చాను. గడ్డి మిషను వద్ద నాకొక శాస్త్రీయమైన సందేహం కలిగింది. ఆయుధమంటే కోసేది. కోసేది బ్లేడు. ఆ బ్లేడు మిషను అడుగున ఉంది. పైనున్న రేకుకు బొట్టు పెట్టడమంటే, సైనికుణ్ణి వదిలేసి అతని టోపీకి సన్మానం చేయడమే కదా.

"పైనే పెట్టేయండి. అమ్మవారు అర్థం చేసుకుంటుందిలెండి," అంది నా భార్య సుభద్ర.

"ఆమె అర్థం చేసుకుంటుందని మనం పద్ధతి తప్పుతామా?"

ప్లగ్గు తీగ ఊడదీసి, మిషనును పక్కకు పడుకోబెట్టి, బ్లేడుకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, బంతిపూలు అమర్చాను. అలంకారం నలుగురికీ కనబడాలని తెల్లవారేదాకా దానిని అలాగే ఉంచాను. అది మడుగులో పడుకున్న గేదెలా ప్రశాంతంగా ఉంది.

పొద్దున్న దానిని నిలబెట్టి, పూలు తీసి, తీగ తగిలించి, అప్పగించే ముందు ఒకసారి నడిపి చూద్దామని తాడు లాగాను. జానెడు వచ్చి ఆగిపోయింది. మళ్ళీ లాగాను. మంకుపట్టు పట్టిన దూడ పలుపు లాగినట్టుంది. నా భుజం కదిలింది గాని తాడు కదలలేదు.

పక్కింటి ఖాదర్‌గారు ప్రహరీ మీదుగా చూస్తున్నారు. ఆయనకు వన్ టౌన్‌లో గొడుగుల దుకాణం. యంత్రాల గురించి తెలిసింది తక్కువ, భయపెట్టడం మాత్రం బాగా వచ్చు.

"పట్టేసిందండి మాస్టారూ."

"ఏది పట్టేసింది?"

"ఇంజనండి. మా బావమరిది బోటుకీ ఇట్టాగే అయింది."

"ఆ తరువాత?"

"బోటు అమ్మేశాడండి."

అయినా క్రమం తప్పకుండా పరీక్షించాను. నొక్కితే బ్రేకు వదిలే మీట హ్యాండిలు దగ్గర ఉంది, దాన్ని నొక్కి పట్టే ఉన్నాను. తీగ మళ్ళీ ఊడదీసి అడుగున చూశాను. బ్లేడుకు పూలదారం చుట్టుకోలేదు. కర్రతో నెట్టినా బ్లేడు తిరగలేదు.

"వియ్యంకుడి వస్తువు మనకొద్దని అప్పుడే చెప్పాను," అంది సుభద్ర గడపలో నిలబడి. "రేపు ఆ ఇంట్లో అమ్మాయి ఏ మొహం పెట్టుకు తిరుగుతుంది?"

సరిగ్గా అప్పుడే గేటు ముందు కారు ఆగింది. రామకోటయ్యగారు తెల్లటి పట్టుపంచెలో దిగారు. నేను మిషనుకు అడ్డంగా నిలబడ్డాను. నేను అంత వెడల్పు లేను.

ఆయన వచ్చి, తాడు ఒకసారి లాగి చూశారు. నా వైపు చూశారు. ఆ చూపుకంటె తిట్టినా బాగుండేది.

"ప్లగ్గు పానా ఉందా బావగారూ?"

తెచ్చాను. ఆయనే ప్లగ్గు విప్పి, ఆ రంధ్రం మీదికి వంగారు. "లోపల ఏం అడ్డుపడిందో చూస్తాను. మీరు లాగండి."

ఇంతసేపూ కదలని తాడు కదా అని బలమంతా కూడగట్టి లాగాను. ఈసారి తాడు వెన్నలా వచ్చింది. నేను వెల్లకిలా తులసికోట పక్కన పడ్డాను. రంధ్రంలోంచి నల్లటి ఆయిల్ పిచికారీలా లేచి, ఆయన మీసాలనుంచి పంచె అంచుదాకా అభిషేకం చేసింది. ద్రవపదార్థాన్ని ఎంత నొక్కినా కుదించుకుపోదని ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ పిల్లలకు వల్లె వేయించినవాణ్ణి, ఆ పాఠం నాకు అర్థమైంది మాత్రం నేల మీద పడుకున్నప్పుడే.

ఆయన కళ్ళు తుడుచుకున్నారు.

"దీన్ని పక్కకి పడుకోబెట్టారా?"

"బ్లేడుకు బొట్టు పెట్టడానికండి," అన్నాను.

"ఏ పక్కకి?"

"కార్బొరేటరు కిందికి వచ్చేటట్టు."

"రాత్రంతానా?"

"రాత్రంతా."

ఆయన నా పక్కనే నేల మీద చతికిలబడ్డారు. పంచెకేసి చూసుకున్నారు.

"నేనూ అట్టాగే పెడతానండీ, ప్రతి దసరాకీ," అన్నారు. "తెల్లారేసరికి తాడు రాదు. ఆయిల్ ఇట్టా ప్లగ్గు దగ్గరికి దిగి అడ్డుపడిందని తెలియక, మావాడే ఏదో కెలికాడని వాణ్ణి తిడతాను. పోయినేడాది వాడితో దీపావళిదాకా మాట్లాడలేదు."

ఆయన ఖాదర్‌గారి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించారు.

"బావగారూ, మీ అల్లుడికి మాత్రం చెప్పకండి."

ఆ గొంతులో ఉన్నది భయం. పొద్దుటినుంచి నాలో ఉన్నదాన్ని ఆయనకు అప్పగించినట్టయింది. చెప్పనని చేతిలో చెయ్యి వేసి మాట ఇచ్చాను. ఆయిల్ కొలత సరిచేసి, ప్లగ్గు తుడిచి బిగిస్తే ఇంజను లక్షణంగా అందుకుంది. అందుకుంటూ వదిలిన తెల్లపొగకు ఖాదర్‌గారు ఇల్లు అంటుకుందనుకుని బకెట్టు నీళ్ళతో పరుగెత్తుకొచ్చి, మిగిలి ఉన్న నా పొడి చొక్కాను కూడా తడిపారు.

నాటినుండి త్రికరణశుద్ధిగా ఒక నియమం పాటిస్తున్నాను. ఏ ఇంజనునూ పక్కకు పడుకోబెట్టను. విధి లేనప్పుడు కార్బొరేటరు ఆకాశం చూసేటట్టే వంచుతాను. బొట్టు పైనే పెడతాను. చెప్పనన్నాను గాని రాయనని నేను మాట ఇవ్వలేదు.

ఇందులో యంత్రశాస్త్రపరమైన దోషాలుంటే విజ్ఞులు మన్నించి దిద్దవలసిందిగా కోరుతున్నాను. మా అల్లుడి కంట పడితే మాత్రం, ఆయన దిద్దవలసినది ఇందులో ఏమీ లేదు.