రెండు వేల కిలోమీటర్ల దాకా డబుల్స్ వద్దు

మా స్కూటర్‌కి బోరు చేయించింది తొంభైల చివర్లో, వేసవి సెలవులయ్యి బళ్ళు తెరిచిన వారంలో. అప్పటికే అది పొగ కక్కుతూ, చిన్న ఎత్తు వచ్చినా మూలిగేది. జగ్గయ్యపేటలో మా మెకానిక్కు ఇంజను విప్పి, సిలిండరు గోడలు గీతలు పడ్డాయని వేలితో తడిమి చూపించాడు. బోరు కొట్టించి కొత్త పిస్టన్ వేశాడు, చిరిగిన సీటు తీసి కొత్తది బిగించాడు. బండి చేతికిస్తూ అందరికీ అప్పజెప్పే పాఠమే నాకూ అప్పజెప్పాడు.

"రెండు వేల కిలోమీటర్ల దాకా ముప్పై అయిదు దాటొద్దండి. మధ్యమధ్యలో ఆపి చల్లారనివ్వండి. డబుల్స్ మాత్రం వద్దండి. వేడెక్కి పిస్టన్ పట్టేసిందంటే మళ్ళీ మొదటికొస్తాం."

నేను రూలంటే రూలే అనే మనిషిని. నందిగామలో ఒక ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తాని కూడా, ఇక చెప్పేదేముంది. ఆ సాయంత్రమే స్పీడోమీటర్లోని కిలోమీటర్ల అంకె ఒక కాగితం మీద రాసి, దానికి రెండు వేలు కలిపి, ఆ కాగితాన్ని డిక్కీ మూత లోపల అంటించాను. రేపటి నుంచి బస్సులో వెళ్ళాలని మా ఆవిడకి చెప్పాను. ఆవిడ నందిగామలోనే ఒక ప్రైవేటు స్కూల్లో టీచరు. సరేనంది.

ఇక్కడ మా ఇంటి సంగతి కొంచెం చెప్పాలి. పేటలో మాది రెండు గదులూ ఒక వసారా ఉన్న ఇల్లు, అందులో తొమ్మిది మందిమి. పెద్దవాళ్ళ ఎదుట మొగుడూ పెళ్ళాం కూర్చుని కబుర్లు చెప్పుకోవడం మా ఇంట్లో లేదు. అన్నం పెట్టేటప్పుడు కూడా "ఇంకాస్త వెయ్యనా" తప్ప మాట ఉండేది కాదు. మేం మాట్లాడుకున్నదంతా నందిగామ రోడ్డు మీదే, పోనూ రానూ యాభై ఆరు కిలోమీటర్లు. చిల్లకల్లు దాటగానే ఆవిడ నా భుజం మీద చెయ్యేసి, చెవి దగ్గరికి వంగి మొదలుపెట్టేది. స్కూల్లో ఎవరు ఏమన్నారో, తోడికోడలు ఏమనలేదో, తనకేం కావాలో, అన్నీ. నేను ఊఁ కొట్టేవాణ్ణి. నిజం చెప్పాలంటే, సగం సార్లు నా చెవి ఇంజను చప్పుడు మీదే ఉండేది.

మొదటి రోజు ఒంటరిగా బయల్దేరినప్పుడు బండి తేలిగ్గా ఉంది, చప్పుడు కూడా బాగుంది. చిల్లకల్లు దాటాక భుజం వెలితిగా అనిపించింది. ముప్పై అయిదులో హైవే మీద వెళ్ళడం ఎలా ఉంటుందో వెళ్ళినవాళ్ళకే తెలుస్తుంది. సిమెంటు లారీలు హారన్ కొట్టి పక్కకి నెడతాయి, సైకిళ్ళ వాళ్ళు జాలిగా చూస్తారు. దారి మధ్యలో తుమ్మచెట్టు కింద బండి ఆపి, ఇంజను చల్లారేదాకా నిలబడేవాణ్ణి. ఒకరోజు అలా నిలబడి ఉండగా ఎర్ర బస్సు దాటిపోయింది. కిటికీ పక్కన మా ఆవిడ. పక్కనున్నావిడ ఏదో చెబుతుంటే తల వెనక్కి వాల్చి నవ్వుతోంది. నన్ను చూడలేదు. అంత నవ్వు ఆవిడ దగ్గర ఉందని నాకు అప్పటిదాకా తెలియదు.

ఆ రోజు నుంచి నాకు తొందర పుట్టింది. ఆ రెండు వేలూ ఎంత త్వరగా అయితే అంత త్వరగా ఆవిణ్ణి మళ్ళీ వెనక కూర్చోబెట్టుకోవాలి. సాయంత్రాలు తిన్నగా ఇంటికి రాకుండా ముక్త్యాల వైపు, వేదాద్రి వైపు తిప్పడం మొదలుపెట్టాను. వేదాద్రిలో ఇంజను చల్లారేదాకా కృష్ణ ఒడ్డున మెట్ల మీద కూర్చునేవాణ్ణి. జంటలు స్నానాలు చేసి, తడి బట్టలతో నవ్వుకుంటూ గుడికి ఎక్కుతుండేవాళ్ళు. నాకు ఆవిడతో చెప్పాలనిపించిన మాటలన్నీ అక్కడే గుర్తొచ్చేవి. ఇంటికొచ్చేసరికి ఆవిడ వంటింట్లో ఉండేది, చుట్టూ అందరూ ఉండేవాళ్ళు. నీ కోసమే తిరుగుతున్నానని ఒక్కసారైనా చెప్పలేదు. బాగా ఒంటరిగా ఉండేది ఆ రోజుల్లో.

పదమూడు వందలు దాటిన రోజు నందిగామలో వాన పట్టుకుంది. ఆఫీసు నుంచి వస్తుంటే బస్టాండు దగ్గర ఆవిడ ఒక్కతే, గొడుగు లేకుండా, కొంగు తలమీద కప్పుకుని నిలబడి ఉంది. బస్సు వెళ్ళిపోయింది, ఇంకొకటి ఎప్పుడొస్తుందో తెలియదు. బండి ఆపాను.

"ఈ ఒక్క పూటా ఎక్కుతానండి. మెల్లగానే వెళదాం."

"ఇంకా ఏడు వందలుంది" అన్నాను.

ఆవిడ నా మొహం కేసి చూసింది. కొంగు ఇంకాస్త ముందుకి లాక్కుంది. నేను నా రెయిన్‌కోటు విప్పి ఆవిడకి ఇచ్చి, తడుస్తూ ముప్పై అయిదులో వచ్చేశాను. అది త్యాగమనుకున్నాను కూడా. చాదస్తపు మొగుడు చెబితే వినడు, గిల్లితే ఏడుస్తాడని ఊరికే అన్నారా.

రెండు వేలు పూర్తయిన రోజు బండి కడిగి, హ్యాండిల్‌కి నిమ్మకాయలు కట్టి, రేపటి నుంచి ఇద్దరం వెళ్ళొచ్చని ఆవిడతో చెప్పాను. వంటింటి గుమ్మంలో నిలబడి, అమ్మకి వినబడేలాగే చెప్పాను. నా మటుకు నాకు అది పెద్ద సాహసం.

ఆవిడ బియ్యంలో రాళ్ళేరుతూ తలెత్తకుండానే అంది. "బస్సులో నాకు సీటు ఆపుతారండి వాళ్ళు. అలవాటైపోయింది. మీరు వెళ్ళండి."

కోపం లేదు గొంతులో. ఉంటే బాగుండేదనిపించింది.

ఆ తర్వాత పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ నా వెనక ఎక్కేది. భుజం మీద చెయ్యి వేసేది కాదు, స్టెప్నీ పట్టుకునేది. చిల్లకల్లు దాటినా మాట ఉండేది కాదు. నేనే ఏదో ఒకటి అడిగేవాణ్ణి. ఇప్పుడు ఊఁ కొట్టడం ఆవిడ వంతైంది.

ఒకసారి సర్వీసుకిచ్చినప్పుడు మెకానిక్కు ఇంజను విని తెగ మెచ్చుకున్నాడు. తను చెప్పినట్టు ఇంత పద్ధతిగా చేసినవాళ్ళు లేరన్నాడు. రెండు వేలయ్యేదాకా మా ఆవిణ్ణి కూడా ఎక్కించుకోలేదని గొప్పగానే చెప్పాను. అతను చేతిలో స్పానర్ ఆపేశాడు.

"అయ్యో, మేడమ్ గారిని ఎందుకు ఆపారండీ? ఆవిడెంత బరువుంటారు. ఇక్కడ అందరూ మిరపకాయ మూటలూ సిమెంటు బస్తాలూ వేసుకుపోతారని డబుల్స్ వద్దంటాను గానీ."

నేను నవ్వేసి, ప్లగ్గు కూడా ఒకసారి చూడమన్నాను.

రెండు వేల సంవత్సరం దాటిన కొన్నేళ్ళకి ఆ స్కూటర్ అమ్మేశాను. కొనడానికి వచ్చినాయన స్టార్ట్ చేసి, చెవి ఒగ్గి విని, ఇంజను గట్టిగా ఉందన్నాడు. తర్వాత సీటు మీద చెయ్యేసి చూశాడు. ముందు సగం అరిగి స్పాంజి బయటికొచ్చింది, వెనక సగం కుట్లు కూడా చెదరలేదు.

"ఎక్కువ మీరొక్కరే తిరిగినట్టున్నారండి" అన్నాడు.

అవునన్నాను.