చెట్టును కింద నుంచి చూసిన మనిషి

ఆ నాలుగు వీధుల్లో పెరట్లో పెద్ద చెట్టున్న ఎవరినడిగినా కొమ్మలాయన పేరే చెప్పేవారు. ఇరవై రెండేళ్ళుగా అతని పని అదే. కప్పు మీదికి వాలిన కొమ్మ, కరెంటు తీగలకు తగిలే కొమ్మ, ఎండిపోయి ఎప్పుడు ఎవరి నెత్తిన పడుతుందో తెలియని కొమ్మ, ఏదైనా సరే, నడుముకు తాడు కట్టుకుని ఉడతలా ఎక్కేసేవాడు. అక్కడ ఎండ ఎంత మండుతుందో గాలిలో చెమ్మ అంత ఉంటుంది. చెట్లు చూస్తుండగానే పెరిగిపోతాయి, గాటు పడితే అంత తొందరగానూ కుళ్ళిపోతాయి. కాబట్టి పని లేని నెలంటూ ఉండేది కాదు.

అతను పైనుంటే భార్య కింద ఉండేది. తాడు కొస పట్టుకునేది, పడిన కొమ్మలు ఈడ్చి కుప్ప వేసేది, దారిన పోయేవాళ్ళను ఆపేది. "తాడు జాగ్రత్తే" అనడం తప్ప పని విషయంలో అతను ఆమెతో మాట్లాడిందేమీ లేదు.

ఓ తడి రోజున నేరేడు చెట్టు మీద అతని కాలి కింద కొమ్మ ఫెళ్ళుమంది. తాడు ప్రాణం కాపాడింది గానీ మోకాలిని కాపాడలేదు. "మెట్లు ఎక్కితే చాలనుకో, చెట్ల మాట మరిచిపో" అన్నాడు డాక్టరు.

ఒప్పుకున్న ఇళ్ళు ఇంకా మూడున్నాయి. భార్య వాళ్ళ తమ్ముణ్ణి పిలిపించింది. అతను మేడలకు రంగులు వేసేవాడు, ఎత్తంటే బెదురు లేదు. అక్క కింద నిలబడి చూపించేది, తమ్ముడు పైకెక్కి కోసేవాడు. వారం తిరిగేలోగా ఏడుస్తూ వచ్చేస్తుందనుకున్నాడు కొమ్మలాయన. వారం తిరిగేసరికి ఇంకో రెండిళ్ళవాళ్ళు కబురు పెట్టారు.

చెట్టు దగ్గరికి వెళ్ళగానే ఆమె కత్తి తీయనిచ్చేది కాదు. చుట్టూ రెండుసార్లు తిరిగేది. చెట్టు మొదట్లో మన్ను గీకి వేళ్ళు ఎక్కడ మొదలయ్యాయో చూసేది. కత్తి పిడితో మానును కొట్టి, లోపల డొల్ల పలుకుతోందేమోనని చెవి పెట్టేది. వానల్లో గాటు పెట్టనిచ్చేది కాదు. ఓ ఇంటాయన ఆశ్చర్యపోయి ఇవన్నీ ఎక్కడ నేర్చుకున్నావమ్మా అనడిగితే, "పదిహేనేళ్ళు తాడు పట్టుకుని పైకి చూస్తూ నిలబడ్డానండీ. పైనున్నవాడికి కాలి కింద కొమ్మే కనబడుతుంది, నాకు చెట్టంతా కనబడింది" అందట. ఆ మాట బావమరిది నవ్వుకుంటూ తెచ్చి చెప్పాడు. కొమ్మలాయనకు పుండు మీద కారం చల్లినట్టయింది.

ఓ పొద్దున తలుపు తీస్తే ఎవరో పెద్దమనిషి నిలబడి ఉన్నాడు.

"చెట్లమ్మగారిల్లు ఇదేనాండీ? మీరు వాళ్ళాయనేనా?"

"ఆవిడ లేదు" అని తలుపు వేసేశాడు. తనకు కొమ్మలాయన అన్న పేరు రావడానికి ఎనిమిదేళ్ళు పట్టింది. చెట్లమ్మ అన్న పేరు దానికి రావడానికి ఎనిమిది నెలలు కూడా పట్టలేదు.

సాయంత్రం అన్నం తింటూ ఆమె ఆ రోజు చూసిన చెట్ల సంగతులన్నీ చెప్పేది. "ఏమయ్యా, మూలమీదింట్లో పనస చెట్టు బెరడు చీలింది. నువ్వైతే ఏం చేసేవాడివి?" అనడిగేది.

"నీకు తెలియందేముంది" అని కంచంలోకి చూసేవాడు.

ఆమె పని చేసి వచ్చిన ఇళ్ళకు కర్ర ఊతంతో వెళ్ళి గోడ ఇవతల నిలబడి తప్పులు వెతికేవాడు. ఒకచోట ఆమె నెలల కిందట పెట్టించిన గాటు కనబడింది. మోడు మిగల్లేదు, మానులోకి కోసుకుపోయిందీ లేదు. చుట్టూ బెరడు ఉంగరంలా మూసుకొస్తోంది. తను పెట్టిన గాట్లు ఎప్పుడూ అలా మూసుకోలేదు. ఆ రోజు ఇంటికొచ్చి, కాలు నొప్పని అన్నం తినకుండా పడుకున్నాడు.

ఆ కడుపుమంటలోనే టీచరమ్మ మామిడి చెట్టు మీద అతని కన్ను పడింది. టీచరమ్మ బడి నుంచి రిటైరై ఒంటరిగా ఉంటోంది. చెట్టు ఆ ఇంటికన్నా పాతది. మేడ గదికంతటికీ అదే నీడ. గాలివానకు పడుతుందేమోనని భయపడి ఆమె చెట్లమ్మను పిలిపించింది. చెట్లమ్మ చూసి, "కప్పును రాసుకుంటున్న రెండు కొమ్మలు తీస్తే చాలమ్మా. చెట్టు చుట్టూ కట్టిన సిమెంటు చప్టా పగలగొట్టించండి, మొదట్లో పోసిన మన్ను తీయించండి. తల మాత్రం ముట్టుకోవద్దు. వానలు వెళ్ళాక వస్తాను" అని చెప్పి వచ్చింది. సాయంత్రం ఇదంతా మొగుడికీ చెప్పింది.

మర్నాడు ఆమె వేరే వీధిలో పనిలో ఉండగా అతను టీచరమ్మ ఇంటికి వెళ్ళాడు.

"మా ఆవిడ చెప్పిందటగా, రెండు కొమ్మలు చాలని. ఆడమనిషి, ఎప్పుడైనా ఎక్కి చూసిందా? పైన బరువంతా మేడవైపే ఉందమ్మా. తల తీయించండి. లేకపోతే ఈ వానలకే మీ గది మీద పడుతుంది."

"అయ్యో, ఆవిడ వద్దందే?"

"ఇరవై రెండేళ్ళు ఎక్కినవాణ్ణి, నా మాట నమ్మండి."

భార్య తాడు పట్టకముందు తనతో చెట్లెక్కిన పాత జోడీదారు ఒకడుంటే, వాడి గుంపును తనే పురమాయించాడు. రెండు రోజుల్లో మామిడి తల నరికేశారు. నాలుగు లావుపాటి మోడులు ఆకాశం కేసి చూస్తూ మిగిలాయి. అవతల అరుగు మీద కూర్చుని అదంతా చూశాడు. మొదటిరోజు భలే హాయిగా ఉంది. రెండోరోజు మధ్యాహ్నం మేడ గోడ మీద ఎండ తెల్లగా పడేసరికి ఎందుకో అక్కడ కూర్చోలేకపోయాడు.

వారం పోయాక చెట్లమ్మ ఆ వీధిన వెళ్ళి చూసింది. ఎవరు నరికారో తెలుసుకోవడానికి ఆమెకు ఎంతోసేపు పట్టలేదు. ఇంటికొచ్చి చేతులు కడుక్కుంది.

"నువ్వే పంపావటగా."

"చెట్టు పడితే రేపు నిన్నే అంటారని..."

"ఆ చెట్టు పడదని నీకు తెలుసు" అంది. అంతకుమించి ఒక్క మాట లేదు. అరిచినా బాగుండేది. ఆ రోజు నుంచి అన్నం పెట్టేది, కాలికి నూనె రాసేది, కావలసినవన్నీ అడిగేది. చెట్ల మాట మాత్రం ఎత్తేది కాదు. ఇన్నాళ్ళూ విసుక్కుంటూ విన్న కబుర్ల కోసం అతను సాయంత్రం నుంచే గుమ్మం కేసి చూసేవాడు. అక్కాతమ్ముళ్ళు వీధిలో మాట్లాడుకుంటూ వచ్చి, గడప దాటగానే నోరు మూసుకునేవారు. అప్పుడు బావమరిది మీద కూడా అసూయ పుట్టింది.

వేసవి వచ్చింది. ఎన్నడూ ఎండ తెలియని మామిడి బెరడు పెనం మీద పెట్టినట్టు మాడి, పగిలి, నల్లగా జిగురు కార్చింది. పగుళ్ళలో పురుగు చేరింది. మోడుల చివర రెమ్మలు చీపుళ్ళలా గుబురుగా వచ్చాయి. అవి పట్టు లేని రెమ్మలు, గట్టి గాలికి పీలికలవుతాయి. టీచరమ్మ మేడ గది వేడికి నిలవలేక కిందికి దిగిపోయింది. అయినా అతన్ని ఒక్క మాట అనలేదు సరికదా, "పోనీలేవయ్యా, నా మంచికేగా చెప్పావు" అంది ఓ రోజు, వీధిలో కనబడి.

ఆ మాటకు అతని మొహం మాడిపోయింది.

"మీ మంచికి కాదమ్మా. మా ఆవిడ చెప్పిందే సరైంది. అది నాకు తెలుసు. ఆవిడకు పేరొస్తుంటే ఓర్వలేక మీకు అబద్ధం చెప్పాను."

టీచరమ్మ చేతిసంచీ కింద పెట్టింది. "ఈ మాట ఆమెకు చెప్పావా?" అంది.

చెప్పలేదు. సాయంత్రం చెప్పాడు, వంటింటి గుమ్మంలో నిలబడి. ఆమె పొయ్యి దగ్గర నుంచి తల తిప్పలేదు. "నాకు పేరు రావడం తప్పేంటయ్యా? నువ్వు మంచాన పడితే ఇల్లు గడవాలనే కదా వెళ్ళాను" అంది. మంట తగ్గించి, "తర్వాత్తర్వాత నాకే బాగుండి వెళ్ళాను. అదీ నిజమే" అంది. అన్నం వడ్డిస్తూ ఆమే, "రేపు ఆటో పిలుస్తాను, నువ్వూ రా. చెట్టు దగ్గర కూర్చుని చేసే పని ఉంది" అంది.

ఆ పని ఇంకా సాగుతూనే ఉంది. ఆమె రెమ్మల్లో బలమైనవి ఎంచి ఉంచుతుంది, తమ్ముడు మిగతావి తీస్తాడు. చప్టా పగలగొట్టారు. కొమ్మలాయన వారానికోసారి పీట వేసుకుని మాను దగ్గర కూర్చుని, పురుగు తొలిచిన కంతల్లో ఇనుప తీగ పెట్టి తవ్వుతాడు. ఏ రెమ్మ ఉంచాలన్నదాని మీద మొగుడూ పెళ్ళాలు చెట్టు కిందే వాదించుకుంటారు. ఎక్కువసార్లు ఆమె మాటే నెగ్గుతుంది. అప్పుడు అతనికి చురుక్కుమనడం మానలేదు. కానీ ఇప్పుడు పైకే అనేస్తాడు: "నీదే కరెక్టు. నాకు ఒళ్ళు మండుతోంది."

మొన్న టీచరమ్మ టీ తెచ్చిచ్చి, "మళ్ళీ మేడకు నీడ రావడానికి ఎన్నాళ్ళు పడుతుందయ్యా?" అనడిగింది.

"మా ఆవిడ నాలుగేళ్ళంటోందమ్మా" అని తీగకు అంటిన పొట్టు తుడుచుకున్నాడు. "నేను అయిదంటున్నాను."