మైకు మామ మాట, నా గిటారు గర్జన

ఆ కాలంలో మా జనగామలో పెండ్లి అంటే బ్యాండుమేళం ఉండాలి, కాస్త కలిగినవాళ్లయితే వరంగల్ నుంచి ఆర్కెస్ట్రా రావాలి. ఈ రెండూ కాని మూడో సంగీతం ఒకటి ఉంటుందని నమ్మినవాణ్ని ఊరు మొత్తానికి నేనొక్కణ్నే అనుకుంటాను. అప్పుడు నేను ఇంటర్ తప్పి, నాయిన మిర్చి దుకాణంలో గల్లా దగ్గర తుమ్ముతూ కూర్చునేవాణ్ని. (ఆ తుమ్ముల్లో కూడా నాకు తాళం వినిపించేది. ఆ వయసు అలాంటిది.) బొంబాయిలో ఉద్యోగం చేసే మా మేనబావ ఒకసారి వస్తూ ఒక పాత ఎలక్ట్రిక్ గిటారూ, ఒక క్యాసెట్టూ తెచ్చిచ్చాడు. క్యాసెట్టు పెడితే ఒకడు పాడకుండా గడగడా మాట్లాడుతున్నాడు, వెనక గిటార్లు రైలింజన్లలా అరుస్తున్నాయి. "మాట్లాడేదాన్ని ర్యాప్ అంటరు, గా అరుపును మెటల్ అంటరు. గీళ్ల గుంపు వేరు, గాళ్ల గుంపు వేరు. అయినా కలిసి చేసిండ్రు" అని బావ వివరించాడు. నాయిన పక్క గదిలోంచే "మెటలా, మెంటలా?" అని అడిగాడు. మేం క్యాసెట్టు మోత తగ్గించాం.

మెటల్‌కు నాకు లోటు లేదు. గిటారుకు తగిలించిన నా పాత స్పీకరు అట్టను మా మిర్చి గోదాములో ఎలుకలు కొరికేశాయి. ఎంత మెల్లగా మీటినా అందులోంచి గుర్రుమనే వచ్చేది. కావలసింది ఆగకుండా మాట్లాడే మనిషి. అలాంటి మనిషి మా ఊళ్లో ఒక్కడే. రిక్షాకు మైకు కట్టుకుని సినిమాలకూ, కొత్త దుకాణాలకూ వీధివీధి తిరిగి ప్రచారం చేసేవాడు. చిన్నాపెద్దా అందరికీ మైకు మామ. ఏది చెప్పినా ప్రాస కలిపి ఊపిరి తీసుకోకుండా చెప్పేవాడు. నేను అడగగానే ఒప్పుకున్నాడు కానీ, గోదాములో మొదటి రోజే పేచీ వచ్చింది. "చిన్న సావుకారీ, జనం నా మాట వినాలె గద! నీ పెట్టె పులి లెక్క గుర్రుమంటే ఎవలు వింటరు?" అన్నాడు. "గదే ఫ్యాషన్ మామా! నువ్వే జర ఆగు" అన్నాను. తను ఆగడం ఆయనకు తెలియదు, మెల్లగా వాయించడం నాకు తెలియదు. చివరికి చాయ్ తెచ్చిన మా అక్క తీర్పు చెప్పింది: "ఇద్దరు ఒక్కసారే కానియ్యుండ్రి. కొట్లాడుకుంటుంటెనే మంచిగున్నది."

ఆ అక్కకే మానుకోట సంబంధం కుదిరింది. (మహబూబాబాద్‌ను మేమందరం మానుకోట అనే అంటాం.) ఆర్కెస్ట్రాను పిలుస్తానన్న నాయినతో "నా పెండ్లికి తమ్ముడే వాయించాలె" అని అక్క పట్టుబట్టింది. నాయిన నా వంక చూసి, "పెండ్లివారి ముంగట ఇజ్జత్ పోయిందనుకో, గా గిటారు పొయ్యిల పెడత" అన్నాడు. పెండ్లివారిలో అందరూ భయపడేది పెండ్లికొడుకు మేనమామకు. నర్సింహులపేట మనిషి, గుబురు మీసం. విడిదిలో చాయ్ చల్లారిందని అప్పటికే ఒకసారి అలిగి ఉన్నాడు.

తలంబ్రాలయ్యాక, మధ్యాహ్నం భోజనాల వేళ మా కచేరీ మొదలైంది. నేను తీగ మీటాను, స్పీకరు గుర్రుమంది. మైకు మామ అందుకున్నాడు: "మానుకోట మామలొచ్చె, మర్యాదలు మనమిచ్చె, పప్పుల నెయ్యి పోసిండ్రు, పచ్చిపులుసు జేసిండ్రు, ఆకు ముంగట కూసొండ్రి, అడిగి అడిగి తినుండ్రి!" పిల్లలు ఎగరడం మొదలుపెట్టారు. పెద్దలు విస్తళ్ల మీద వంగి, పందిరి కూలుతున్నదేమోనని పైకి చూస్తున్నారు. అంతలో కరెంటు పోయింది. నా గిటారు మూగబోయింది. మామ మైకు బ్యాటరీది కాబట్టి ఆయన ఆగలేదు. నేను మాత్రం ఊరుకుంటే పరువు పోతుందని, మోగని గిటారునే తల ఊపుతూ వాయిస్తున్నాను. ఆ కంగారులో, ఏం చేస్తే మోగుతుందో తెలియక, వాల్యూమ్ మరను చివరిదాకా తిప్పేశాను.

సరిగ్గా మేనమామ విస్తరిలో లడ్డు వడ్డిస్తున్నప్పుడు కరెంటు వచ్చింది. ఆ శబ్దం ఎలాంటిదో రాయడానికి నా దగ్గర మాటలు లేవు. లడ్డు వడ్డించేవాడి చేతిలోని పళ్లెం ఎగిరిపడింది. బయట కట్టేసిన ఎద్దులు బండితో సహా కదిలాయి. మేనమామ లేచి నిలబడ్డాడు. నాయిన ముఖం చూస్తే నాకు పొయ్యే కనిపించింది. పీటల మీద అక్క కళ్లు గట్టిగా మూసుకుంది. "ఏందిర గది?" అన్నాడు మేనమామ. నేను గిటారును వీపు వెనక్కు దాచుకున్నాను. మైకు మామ మాత్రం రెప్ప వెయ్యకుండా అందుకున్నాడు: "మేనమామ మీసానికి, మెచ్చుకున్న రోషానికి, పులివంటి పెద్దమనిషికి, పులి పెట్టిన దండమిది!"

మేనమామ మీసం మీద చెయ్యి వేసుకున్నాడు. చుట్టూ చూశాడు. తర్వాత నెమ్మదిగా కూర్చుని, "మళ్లొకసారి పెట్టుమను" అన్నాడు.

పెట్టాను. ఆయన బంధువు ఒకాయన తనకూ అలాంటి దండం కావాలన్నాడు. ఆ తర్వాత వియ్యంకుడికి, రేగొండ నుంచి వచ్చిన మా చిన్నాయినకు, ఇలా ఒక్కొక్కరికీ మామ పేరు పెట్టి ప్రాస చెప్పడం, నేను గర్జించడం. అప్పగింతల వేళకు ఎలుకలు మిగిల్చిన ఆ కాస్త అట్టా చిరిగి స్పీకరు కన్నుమూసింది. అక్క బండెక్కుతూ ఏడవాల్సినది, నన్ను చూసి ఫక్కున నవ్వింది. నాయిన ఆ రాత్రి గిటారు గురించి ఒక్క మాటా మాట్లాడలేదు. ఆయన భాషలో అది సన్మానం.

మా జంటకు అదే మొదటి కచేరీ, అదే చివరిది. మైకు మామ ఇప్పుడు లేడు. నేను దుకాణంలో నాయిన కూర్చున్న చోటే కూర్చుంటున్నాను. అక్కడ కూర్చుని, కరెంటు లేని గిటారును అంత శ్రద్ధగా వాయించిన ఆ కుర్రాణ్ని తలచుకుంటే, దగ్గరికి పిలిచి ఒక చాయ్ తాగించి, "జర మెల్లగ వాయించు బిడ్డా" అని చెప్పాలనిపిస్తుంది. చెప్పినా ఆ మోతలో వాడికి వినపడేది కాదనుకోండి.