డాక్టరుగారు పిలిస్తే పలకాలి

కింది ఇంటి సిస్టరమ్మగారు పోయారన్న కబురు వచ్చేసరికి నేను వాళ్ళింట్లోనే ఉన్నాను. ఆవిడ పెంచే ఫించ్ పిట్టల నీళ్ళ గిన్నె కడుగుతున్నాను. నోయిడాలో ఉండే వాళ్ళమ్మాయి ఫోన్ చేసి "అంకుల్, మమ్మీ నహీ రహీ" అంది. నేను ఏమన్నానో గుర్తులేదు. ఫోన్ పెట్టేశాక మళ్ళీ గిన్నె కడగడంలో పడ్డానని మాత్రం గుర్తుంది. ఆసుపత్రికి వెళ్తూ మెట్ల మీద ఆగి, ఆయాసపడుతూ ఆవిడ నాకు చెప్పిన ఆఖరి మాట దాని గురించే మరి. "అన్నయ్యగారూ, గిన్నె కడిగి నింపండి. పాత నీళ్ళ మీద కొత్త నీళ్ళు పోయకండి." తన గురించి ఒక్క ముక్క చెప్పలేదు.

మేముండేది తూర్పు ఢిల్లీలో, లక్ష్మీ నగర్ దాటాక, లిఫ్టు లేని పాత ఫ్లాట్లలో. ఆవిడది మొదటి అంతస్తు, మాది దాని మీదిది. బాపట్ల వైపు నుంచి చిన్న వయసులో నర్సు ఉద్యోగానికి వచ్చి, ఇక్కడి వార్డుల్లోనే జుట్టు నెరిసి రిటైరయ్యారు. భర్త అంతకు ముందే పోయారు. బిల్డింగంతా ఆవిణ్ణి సిస్టర్ జీ అనేది. మా ఇంట్లో సిస్టరమ్మగారు. రిటైరైన నర్సులు మామూలుగా ఏం చేస్తారో నాకు తెలీదు గానీ, ఈవిడ మాత్రం ఇంట్లోనే ఇంకో వార్డు తెరిచారు.

బాల్కనీకి జాలీ వేయించి, ఒక పక్క జీబ్రా ఫించ్‌లను పెట్టారు. పిచ్చుకలో సగం ఉంటాయి, ముక్కు పగడంలా ఉంటుంది. పిల్లల బూరబొమ్మ నొక్కితే వచ్చే చప్పుడే వాటి భాష. రెండో పక్క కాకటీల్ ఒకటి. అది చిలక జాతే. బూడిద రంగు ఒళ్ళు, పసుపు మొహం, బుగ్గల మీద నారింజ రంగు బొట్లు, నెత్తిన మనసుని బట్టి లేచి పడే కుచ్చు. దాని పేరు డాక్టరుగారు.

"ఉద్యోగమంతా డాక్టర్లు చెప్పింది నేను విన్నా. నేను చెప్పింది ఒక్క డాక్టరైనా వినాలా వద్దా?" అన్నారు, ఇదేం పేరని నేను నవ్వితే.

ఆ డాక్టరూ వినేవాడు కాదు. నోట్లో మందు చుక్క వేయబోతే వేలు కొరికేవాడు. "చూశారా, రాసివ్వడమే గానీ తాము మింగరు" అని ఆవిడ వేలికి ప్లాస్టర్ చుట్టుకునేవారు.

మన రామచిలకని పెంచుకోవచ్చుగా అని ఒకసారి అడిగాను. ఆవిడ నన్ను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి ఎదుటి వేపచెట్టు చూపించారు. సాయంత్రం వేళ, చెట్టంతా చిలకల గోల. "ఇంత మంది ఊరికే కనిపిస్తుంటే ఒకదాన్ని బంధించి చూడటం ఎందుకండీ? పైగా చట్టం ఒప్పుకోదు. పంజరంలో పుట్టి, బయట బతకడం తెలియని ఈ పరదేశీలు చాలు నాకు." ఇది చదివేవారెవరైనా రోడ్డు మీద బుట్టలో చిలక పిల్లల్ని అమ్మేవాణ్ణి చూస్తే ఆ మాట గుర్తు చేసుకోండి.

ఆవిడ పొద్దున్నే పేపర్ చూసే మనిషి. నేనూ అంతే. చదువు ఎనిమిదో తరగతితో ఆగిపోయి, ప్రెస్సులో అక్షరాలు పేరుస్తూ లోకజ్ఞానం సంపాదించుకున్నవాణ్ణి కాబట్టి పేపరంటే నాకు గురువు. చదివేశాక నా తెలుగు పేపరు ఆవిడకి ఇచ్చేవాణ్ణి. చదువుతారనుకున్నాను. ఓ రోజు వెళ్తే ఆవిడ కళ్ళజోడు సవరించుకుని, పంజరం అడుగున పరిచిన నా పేపరు మీద వంగి తదేకంగా చూస్తున్నారు. సంపాదకీయం మీద రెట్టలు. ఆవిడ చూస్తున్నది వాటినే.

"రంగు మారిందంటే, నీళ్ళగా ఉందంటే, లెక్క తగ్గిందంటే ఏదో ఉన్నట్టే. పిట్ట జబ్బు చెప్పదండీ, దాస్తుంది. నీరసంగా కనపడ్డ పిట్ట మీదే కదా గద్ద కన్ను పడేది. ఇది కింద కూర్చుండిపోయి, ఒళ్ళు ఉబ్బించుకుని కళ్ళు మూసిందంటే అప్పటికే ఆలస్యమైనట్టు. అందుకే పేపరు చూడాలి, రోజూ తూకం వేయాలి." వంటింటి తూకం మీద చిన్న కర్ర నిలబెట్టి డాక్టరుగారిని ఎక్కించేవారు. ఆయన దర్జాగా ఎక్కి నిలబడేవాడు.

ఆ సంపాదకీయం గురించి అంతకంటే సూటైన అభిప్రాయం నేను ఇంతవరకూ చూడలేదు. సరే, విషయానికొస్తాను.

ఫించ్‌లు కావాలని వచ్చే వాళ్ళకి ఆవిడ ముందే చెప్పేసేవారు: "చేతిలో పట్టుకుని ముద్దు చేయాలనుంటే వీటిని కొనకండి. ఇవి చూసుకోవడానికి, తాకడానికి కాదు." ఒంటరిగా ఒకదాన్ని ఉంచనిచ్చేవారు కాదు. పంజరం ఎత్తు కంటే పొడవు ఎక్కువుండాలి, అవి హెలికాప్టర్లా లేవవు, అటూ ఇటూ ఎగురుతాయి కాబట్టి. సన్న కొర్రలు, సామల్లాంటి గింజలు, కడిగిన మెంతాకు, ఉడికించి చిదిపిన గుడ్డు, గీరుకోవడానికి దుకాణాల్లో సముందర్ ఝాగ్ అని అమ్మే తెల్లటి చేప ఎముక. స్నానానికి వెడల్పు పళ్ళెం. గూడు మాత్రం అస్తమానం ఉంచకూడదు, ఉంచితే గుడ్ల మీద గుడ్లు పెట్టి తల్లి పిట్ట చిక్కి శల్యమవుతుంది. చిలక జాతికి పొద్దుతిరుగుడు గింజలంటే మనకి జీడిపప్పు లాంటివి, పండక్కి సరిపోతాయి. కాళ్ళకి నున్నటి గుండ్రటి కర్రలొద్దు, సన్నమూ లావూ కలిసిన జామకొమ్మలు మంచివి. కొత్త పిట్ట వస్తే నెల రోజులైనా వేరే గదిలో ఉంచాలి. ఆ గదిని ఆవిడ ఐసొలేషన్ అనేవారు. ఒకసారి జలుబుతో వెళ్తే నన్నూ గుమ్మం బయటే నిలబెట్టి మాట్లాడారు.

ఈ వైద్యం మా ఇంటి దాకా వచ్చిన రోజు గొడవైంది. మా ఆవిడ ప్రతి శుక్రవారం సాంబ్రాణి వేస్తుంది. ఆ పొగ మెట్ల మీంచి దిగి కింది బాల్కనీలోకి పోయేది. సిస్టరమ్మగారు పైకొచ్చి, "వదినగారూ, ఏమీ అనుకోకండి. ఆ సాంబ్రాణి కొంచెం..." అన్నారు. మా ఆవిడ అనుకుంది. బాగానే అనుకుంది.

"పెళ్ళైన దగ్గర్నుంచి వేస్తున్నా. వాళ్ళ దేవుడికి పడకపోతే మా దేవుడేం చేస్తాడు?" అని నాతో. ఆవిడతో మాత్రం మాట్లాడటం మానేసింది.

క్రిస్మస్ ముందు ఓ సాయంత్రం చర్చివాళ్ళు ప్రార్థనకి కింది ఇంటికొచ్చారు, చేతుల్లో వెలిగించిన కొవ్వొత్తులు పట్టుకుని. మేం కూరగాయలతో మెట్లెక్కుతున్నాం. గుమ్మం దగ్గర సిస్టరమ్మగారు చేతులు అడ్డంపెట్టి నిలబడ్డారు.

"ఆర్పేసి రండి పాస్టరుగారూ. లోపల పిట్టలున్నాయి."

"ఒక్క పాట అయ్యేదాకేనమ్మా."

"ఒక్క పాటకే వాటి ఊపిరంతా పొగ నిండిపోద్ది. అయ్యగారూ, తమరు సెంటు కూడా పూసుకొచ్చినట్టున్నారు. కిటికీ పక్కన కూర్చోండి."

మా ఆవిడ నా చెయ్యి గిల్లింది. పైకెళ్ళి తలుపేసుకున్నాక, నవ్వు ఆపుకోలేక సోఫాలో కూలబడింది. "వాళ్ళ దేవుడికీ మినహాయింపు లేదండీ!" ఆ తర్వాతి శుక్రవారం నుంచి సాంబ్రాణి వెనక వైపు వరండాకి మారింది. క్రిస్మస్ కేకుతో పాటు సిస్టరమ్మగారు మాకో ఇనప పెనం ఇచ్చారు. మా నాన్‌స్టిక్ పెనం మాడితే వచ్చే ఆవిరికి కింద పిట్టలు నిలువునా చచ్చిపోతాయట. "వెనకటికి విదేశాల్లో బొగ్గు గనుల్లోకి పిట్టని పట్టుకెళ్ళేవాళ్ళు, గాలి చెడితే అదే ముందు చెప్పేది" అని నేను చదివింది చెప్పబోతే, "ఢిల్లీలో నవంబరు నెలకి మనమే ఆ పిట్టలం అన్నయ్యగారూ" అన్నారు. ఎయిర్ ప్యూరిఫయర్ కొన్నది కూడా, చలికాలం గదిలోకి తెచ్చే ఫించ్‌ల కోసమే. ఆవిడ మంచం దాని పక్కకి జరుపుకున్నారు, అంతే.

ఇప్పుడు అసలు సంగతి. డాక్టరుగారు సాయంత్రాలు అరిచేవాడు. ఆవిడ గది దాటితే చాలు, చెవులు చిల్లులుపడేలా. నేనైతే పంజరం మీద గుడ్డ కప్పేసి ఉండేవాణ్ణి. ఆవిడ కోప్పడేవారు కాదు. మేం కూర్చుని ఉంటే వంటింట్లోంచే "ఉన్నానండీ డాక్టరుగారూ, ఇక్కడే ఉన్నా" అనేవారు.

"వార్డులో బెల్లు కొట్టే పేషెంటుకి చాలాసార్లు నీళ్ళు అక్కర్లేదండీ, మందూ అక్కర్లేదు. ఎవరైనా ఉన్నారా అని అడుగుతాడు. ఉన్నానని పలికితే నిద్రపోతాడు. పలక్కపోతే తెల్లవార్లూ కొడతాడు. డాక్టరుగారు పిలిస్తే పలకాలి." అద్దం పెట్టమని ఎవరో సలహా ఇస్తే, "లేని చుట్టాన్ని చూపించి మోసం చేయడం నాకు చేతకాదు" అన్నారు. మాటలెందుకు నేర్పలేదని అందరూ అడిగేవాళ్ళు. "ఆయన భాష నేను నేర్చుకున్నాగా" అనేవారు.

ఆవిడ పోయాక ఫించ్‌లన్నిటినీ కలిపి చర్చిలోని ఇంకో నర్సు తీసుకెళ్ళింది. డాక్టరుగారు మిగిలిపోయాడు. కాకటీల్ ఈకల నుంచి పౌడరు లాంటి ధూళి రాలుతుంది, అల్లుడికి ఉబ్బసం, కాబట్టి నోయిడాకి తీసుకెళ్ళే వీల్లేదు. మనం తెచ్చుకుందామని నేనంటే మా ఆవిడ "మన వయసులో కొత్త బాధ్యతలా?" అంది. అలా రోజూ నేనే కిందికి వెళ్ళి తిండి పెడుతున్నాను. పెడితే తినాలిగా. పొద్దుతిరుగుడు గింజల్ని కూడా ముట్టడు. తూకం మీద అంకె రోజురోజుకీ దిగుతోంది. అరుపు మాత్రం తగ్గలేదు.

వాళ్ళమ్మాయి వచ్చి తల పట్టుకుంది. "అంకుల్, యే దిన్‌భర్ చిల్లాతా హై, రోజంతా ఒకటే అరుపు. ఎదురింటివాళ్ళు కంప్లైంట్ చేస్తున్నారు. పిట్టల షాప్‌వాలా భయ్యా సండేకి తీసుకెళ్తానన్నాడు."

"షాపులో ఇంత నీరసంగా ఉంటే బతకదమ్మా."

"మాలూమ్ హై అంకుల్" అంటూ ఏడ్చేసింది. "మమ్మీ ఉండుంటే..."

ఆదివారం దాకా నాకు వదిలెయ్యమన్నాను. ఆవిడ చెప్పిన మందు నాకు తెలుసుననే ధైర్యం. వంటింట్లో నిలబడి "ఉన్నానండీ డాక్టరుగారూ" అన్నాను. గొంతు సన్నం చేసి అన్నాను, బాపట్ల యాస పెట్టి అన్నాను. అతను ఇంకా గట్టిగా అరిచాడు. అరుపు ఆపినప్పుడల్లా తల ఓ పక్కకి వంచి, వంటింటి వైపు కాసేపు చూసి, మళ్ళీ మొదలుపెట్టేవాడు. భోజనం దగ్గర మా ఆవిడతో చెప్పుకున్నాను. మజ్జిగ పోస్తూ "ఊఁ" అంది.

శనివారం సాయంత్రం నేను కింద పంజరం ముందు కూర్చున్నాను. అతను పిలిచాడు. తల వంచి ఆగాడు. అప్పుడు సిస్టరమ్మగారి వంటింట్లోంచి ఈల వినిపించింది. పైకి లేచి, మెల్లగా జారి, చివర చిన్న మెలిక. ఆ ఈల నాకు కొత్త కాదు. ఇన్నేళ్ళూ మా ఇంట్లో కూర్చుని దాన్ని విన్నాను. పిలుపూ, ఆ ఈలా కలిపి ఒకటే పాట అనీ, పాటంతా పిట్టదే అనీ అనుకున్నాను.

డాక్టరుగారి కుచ్చు నిక్కింది. గొంతు తగ్గించి మళ్ళీ పిలిచాడు. మళ్ళీ ఈల. వంటింట్లోకి వెళ్ళి చూస్తే ఎవరూ లేరు. కిటికీ తెరిచి ఉంది. అవతల, మా వంటిళ్ళన్నిటికీ గాలి కోసం కట్టిన షాఫ్ట్. అందులోంచి పైనుంచి పులుసు వాసన వస్తోంది.

మోకాళ్ళ సంగతి మర్చిపోయి మెట్లెక్కాను. మా ఆవిడ పొయ్యి దగ్గర గరిటె పట్టుకుని, కిటికీలోకి వంగి, పెదాలు సున్నా చుట్టి ఉంది. నన్ను చూసి గబుక్కున మూసేసింది.

"నువ్వు ఈల వేస్తావా?"

"మీరెప్పుడూ అడగలేదు."

"ఆవిడ ఉన్నానండీ అనేది కదే!"

"అది మీలాంటి వాళ్ళు కూర్చున్నప్పుడు. ఒక్కతే ఉన్నప్పుడు ఈల వేసేది. ఆడమనిషి ఈలేమిటని ఎవరైనా అంటారని బయటపడలేదు. మీరు టీవీ ముందుండేవారు, నేను ఈ కిటికీ దగ్గరుండేదాన్ని. ఏళ్ళ తరబడి విన్నా." పులుసు కలిపింది. "నేనూ బయటపడకూడదనే అనుకున్నా. కానీ రేపు ఆదివారం కదా."

కిందికెళ్ళి చూద్దును కదా, డాక్టరుగారు గింజల గిన్నె మీద కూర్చుని పొట్టు నా మొహాన ఎగరేస్తున్నాడు.

వాళ్ళమ్మాయికి ఫోన్ చేసి, దుకాణం అతన్ని రావద్దని చెప్పమన్నాం. పంజరం మా ఇంటికి వచ్చింది. సాంబ్రాణి వెనక వరండా దాటి టెర్రస్ మీదికి పోయింది, నా తెలుగు పేపరు అతని కిందికి పోయింది. కళ్ళజోడు పెట్టుకుని మా ఆవిడ రోజూ పేపరు చూస్తోంది. ఇంతకు ముందు చూసేది కాదు.

నాకు మాత్రం ఈల రాదు. కట్టుడు పళ్ళు. పెట్టుకుని ప్రయత్నిస్తే గాలి చీలిపోతుంది, తీసేసి ప్రయత్నిస్తే గాలే మిగులుతుంది. మొన్న మా ఆవిడ సాయంత్రం కూరగాయలకి వెళ్ళింది. చీకటి పడబోతోంది, అతను పిలవడం మొదలుపెట్టాడు. నేను నాకు చేతనైనంత ఊదాను. అతను తల వంచి నావైపు జాలిగా చూసి, గుమ్మం వైపు తిరిగి, ఇంకా గట్టిగా పిలిచాడు.

కింద మెట్ల మలుపులో చెప్పుల చప్పుడు ఆగింది. ఎదురింటివాళ్ళ తలుపు తీసిన చప్పుడు, ఎవరో "నమస్తే ఆంటీ" అన్న మాట వినిపించాయి. రెండు చేతుల్లో సంచులతో, అందరి ముందూ, మెట్ల మీద నిలబడి మా ఆవిడ ఈల వేసింది.