అశ్వత్థప్పతో బేరం

కాటన్‌పేటలో చీరల వ్యాపారి అశ్వత్థప్పకు అంగట్లో కన్నడం, ఇంట్లో తెలుగు. గడప దాటగానే మాట దానంతటదే మారిపోయేది. 2003లో పక్షవాతం వచ్చి, ఆసుపత్రి నుంచి ఇంటికి చేరేసరికి తెలుగు మొత్తం ఎగిరిపోయింది. అంగడి కన్నడం మాత్రం చెక్కుచెదరలేదు. కాఫీ తెచ్చిన భార్య పద్మావతిని చూసి, "ఏన్ బేకమ్మా? కూత్కొళ్ళి" అన్నాడు, ఏం కావాలి, కూర్చోండి అని అంగడికొచ్చిన గిరాకీని పలకరించినట్టు.

"నన్ను ఎవరో అనుకుంటాండాడే!" అని ఆమె వంటింట్లో కూలబడింది. తమ పేర్లు ఆ నోట మళ్లీ వినపడతాయా? తల్లికీ కూతురు భవ్యకూ అదే బెంగ.

"తెలుగు లోపలే ఉండొచ్చు. మాట్లాడిస్తూ ఉండండి, మెదడు కొత్త దారి వెతుక్కుంటుంది" అన్నాడు డాక్టరు.

భవ్య ఉద్యోగం కంప్యూటరుకు భాష నేర్పడం. అంటే నియమాలు రాసి పెట్టడం. ఒక్క ఫైలు చెడితే ఆ మహా మేధావి కుప్పకూలుతుంది. "పదేళ్లలో ఇది మనిషిలా ఆలోచిస్తుంది" అని బాసు సుధీర్ కోతలు కోస్తుంటే ఒళ్లు మండేది. నాయన తలలో అంత చెడినా మిగిలింది నడుస్తూనే ఉందే! పిడికెడు మెదడుకు చేతనైంది యంత్రానికి ఎందుకు చేతకాదు? ఈ ఆలోచనతో దిగాల్సిన స్టాపు దాటిపోయేది, తింటున్న అన్నం వదిలి లేచేది.

ఇంట్లోనూ అదే పద్ధతి. తెలుగు పదాలు అట్టల మీద రాసి నాయనకు చూపించింది. ఆయన మొహం తిప్పుకున్నాడు.

ఒకరోజు పద్మావతికి తిక్క రేగింది. "నేను గిరాకీనా? సరే, గిరాకీనే!" అని ఎదురుగా చతికిలబడి కన్నడంలో బేరం మొదలుపెట్టింది. రంగు బాగాలేదంది, అంచు చిరిగిందంది. ఆయన ఉత్సాహంగా జవాబులిచ్చాడు. కోపంలో ఆమె నోట తెలుగు దొర్లిపోతున్నా ఆగలేదు. రోజూ అదే రభస. రెండు వారాలకు ఆయన సహనం నశించింది.

"ఇంగ సాలు పద్మా! పొద్దన్నించీ నస పెడ్తాండావు!"

పద్మావతి నోరు నొక్కుకుని ఏడ్చింది. భవ్య తను రాసిన అట్టల వంక చూసింది. ఆ మాట ఏ అట్ట మీదా లేదు. రేపు యంత్రం కూడా ఇలా ఎవరూ రాసివ్వని మాట అంటే? సంతోషించాలో భయపడాలో తేలలేదు. అదంతా తర్వాత. ఆయన నోట తన పేరు ఇంకా రాలేదు. గబగబా వెళ్లి నాయన ఎదుట కూర్చుని, ధర తగ్గించమంటూ, "రేట్ కమ్మి మాడి" అంది.